చివరిమడికి నీరు: బొగ్గుసీమయు ప్రభుత్వధనమును



ఈ సాయంకాలము మీతో ధనమును గూర్చి ముచ్చటింపదలచితిని. నా సొంత ధనము కాదు, మీ పెట్టెలోని ధనమును కాదు. మనయందరి పేర ప్రభుత్వము వెచ్చించు ధనము. ఒక సీమ వెనుకబడియున్నదని తెలిసి, దానిని ముందునకు తెచ్చుటకై ప్రభుత్వము కొంత నిధిని ప్రత్యేకించునప్పుడు, ఆ నిధిని ఏ మానికతో కొలువవలెను? దేనికి వెచ్చింపవలెను? ఎవరి చేతికీయవలెను? ఎంతకాలమీయవలెను? ఇవి పట్టణములలోని లెక్కలవారికి మాత్రమే తగిన ప్రశ్నలని మీరనుకొందురేమో. నేనట్లనుకొనను. చెరువునీటిని పంచుకొని బ్రదికినవారికి ఈ సంగతి తెలియనిది కాదు.

చెరువు నిండినంతమాత్రమున ఆయకట్టంతయు పండదు. తూముదగ్గరి మడి తనివితీర త్రాగిన పిమ్మటగాని చివరిమడికి నీరు పారదు. అందుచేతనే మన పెద్దలు నీరడిని నియమించిరి, వంతులు నిర్ణయించిరి, ఎండకాలమున చివరిమడికి ముందు వంతు ఇచ్చిన ఊళ్లును కలవు. నీరు తనంతట తాను న్యాయము చేయదు. ధనమును అట్టిదే. అది ఉన్నచోటికే మరల పోవుట దాని స్వభావము. దానికిని ఒక నీరడి కావలెను.

కొంతకాలము క్రిందట గోదావరిఖనికి సమీపముననున్న యొక పల్లెలో రచ్చకట్టపై కూర్చుంటిని. ప్రొద్దు గ్రుంకుచుండెను. నా ప్రక్కనున్న వృద్ధుడు రామగుండము విద్యుత్కేంద్రపు పొగగొట్టములవైపు చేయి చూపి, "సారూ, మా భూమి కింద బొగ్గున్నదని మా బాపు సంబురపడ్డడు. బొగ్గు పోయిన తొవ్వ నాకెరుకే, రైలు పోయిన తొవ్వనే. దాని పైస ఏ తొవ్వల పోయిందో మీరు చెప్తరా?" అని యడిగెను. ఆనాడు నాకు వెంటనే జవాబు తోపలేదు. నేటి ప్రసంగము ఆయనకు జవాబుగా సిద్ధపరచుకొన్నదే.

మొదట బొగ్గు కథ కొంచెము చెప్పవలెను. 1871వ సంవత్సరమున భూగర్భశాస్త్రశాఖకు చెందిన డాక్టరు విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1886లో ఇంగ్లాండున ఏర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వుటకు హక్కు సంపాదించెను. సమీపముననున్న సింగరేణి గ్రామము పేరు బొగ్గునకు అంటుకొన్నది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. 1945లో నిజాం ప్రభుత్వము అందులో అధికభాగము వాటాలను కొనెను. నేడు ఆ కంపెనీలో నూటికి 51 పాళ్లు తెలంగాణ ప్రభుత్వమువి, 49 పాళ్లు కేంద్రప్రభుత్వమువి. గనులు గోదావరి లోయ పొడవునను ఆరు జిల్లాలలో వ్యాపించియున్నవి.

రామగుండమున బొగ్గు వెంట మరికొన్ని పరిశ్రమలు వచ్చినవి. జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థవారి కేంద్రమున మొదటి యూనిట్ 1983లో వెలిగెను. బొగ్గునుండి ఎరువు చేయు కర్మాగారము 1980లో పని ప్రారంభించి 1999లో మూతపడెను. దాని స్థలముననే సహజవాయువుతో నడచు క్రొత్త కర్మాగారము 2021లో ఉత్పత్తి మొదలిడెను. నడుమ గడచినవి ఇరువదిరెండేండ్లు. ఆ కాలమున ఒక తరము పిల్లలు పెరిగి పెద్దవారైరి. ఈ ఒక్క సంగతి మనస్సునందుంచుకొనుడు. ప్రసంగాంతమున దీని అవసరము కలుగును.

ఇక రెండవ సంగతి. 2018వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము ఆరోగ్యము, విద్య, వ్యవసాయము మొదలగువానిలో వెనుకబడిన జిల్లాలను ఎంచి, వానిని ముందునకు తెచ్చుటకు ఒక కార్యక్రమమును ప్రారంభించెను. దేశమంతట అట్టివి 112 జిల్లాలు. తెలంగాణమునుండి అందు చేరినవి మూడు: కుమురం భీం ఆసిఫాబాదు, జయశంకర్ భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెము. ఈ మూడింటను సింగరేణి గనులున్నవి. బహుకాలముగా బొగ్గు తీసిన ఇల్లెందును కొత్తగూడెమును ఈ మూడవ జిల్లాలోనివే.

గనులవలననే ఈ జిల్లాలు వెనుకబడినవని నేననను. అడవులు, దూరము, బడులును వైద్యశాలలును ఆలస్యముగా వచ్చుట, గిరిజనుల భూములు చేజారుట, ఇవన్నియు కారణములే. కాని నూరేండ్ల బొగ్గు ఆ వెనుకబాటును తీర్పలేకపోయినదన్న మాట మాత్రము కాదనరానిది. ఎందుచేత తీర్పలేకపోయినదో విచారింతము.

మొదటి కారణము పనిలో వచ్చిన మార్పు. 1990వ దశకపు తొలినాళ్లలో సింగరేణి ఉద్యోగులు లక్షకు మించియుండిరి. ఇప్పుడు ఖాయపు ఉద్యోగులు నలుబదివేల దాపున నున్నారు. బొగ్గు తగ్గినదా అన్నచో, లేదు. 2023–24లో సుమారు ఏడుకోట్ల టన్నులు తీసిరి. భూగర్భగనులలో తట్టయు చెమ్మసుతో తీసిన బొగ్గును నేడు ఉపరితలగనులలో పెద్ద యంత్రములు తీయుచున్నవి. బొగ్గు పెరిగినది, జీతపు కవర్లు తగ్గినవి. గని విస్తరించినంత మేర ఉపాధియు విస్తరించునను పాత నమ్మకము నేడు చెల్లదు.

రెండవ కారణము సగటు చేయు మోసము. ఒక జిల్లాలో పుట్టిన సంపదనంతయు లెక్కించి తలకింతయని పంచి చూపుదురు. బొగ్గు విలువయు, విద్యుత్తు విలువయు ఆ లెక్కలో చేరును. కాగితముమీద ఆ జిల్లావారు కలవారైపోవుదురు. కాని గని విలువ గనిప్రక్క పల్లెలోని ఇంటికి చేరినదా? ఒక ఇంట పది పుట్ల ధాన్యము, తొమ్మిది ఇండ్లలో ఏమియు లేకున్నను, సగటున ఇంటికొక పుట్టి యగును. తొమ్మిది ఇండ్లవారు ఆ సగటుతో అంబలి కాచుకొనలేరు. కావున నిధిని పంచునప్పుడు జిల్లా సగటును మాత్రమే చూచినచో బొగ్గుసీమ పల్లెలకు అన్యాయము జరుగును.

మూడవది, వృద్ధుడు అడిగిన ప్రశ్న: పైకము పోయిన త్రోవ. గనియొద్ద బొగ్గు వెల నూరు రూపాయలనుకొందము. 2012నుండి బొగ్గుపై రాయల్టీ వెలలో నూటికి 14 పాళ్లు. ఆ పదునాలుగు రూపాయలును రాష్ట్రఖజానాకు పోవును. అచ్చట రాష్ట్రమంతటి పన్నులతో కలిసి రాష్ట్రమంతటికి ఖర్చగును. ఇందు తప్పు లేదు. రాష్ట్రమందలి ప్రతి ఊరికిని అందులో భాగము కలదు. కాని గని దుమ్ము మాత్రము రాష్ట్రమంతటికి పంపకము కాదు. ప్రేలుడు మ్రోతకు అదరు గోడలును, అడుగంటు బావులును గనిచుట్టు పల్లెలవే.

బొగ్గుమీద మరియొక పన్నును ఉండెను. 2010లో టన్నుకు 50 రూపాయలుగా ప్రారంభమైన ఆ సెస్సు 2016 నాటికి 400 రూపాయలయ్యెను. మొదట దాని పేరు స్వచ్ఛశక్తి కొఱకు. 2017లో వస్తుసేవల పన్ను వచ్చిన పిదప, పన్నురాబడి తగ్గిన రాష్ట్రములకు పరిహారమిచ్చుటకై దానిని మరలించిరి. 2025 సెప్టెంబరులో దానిని తీసివేసి, బొగ్గుపై వస్తుసేవల పన్నును నూటికి 5నుండి 18కి పెంచిరి. టన్ను బొగ్గుపై వేసిన పన్ను బొగ్గూరికి చేరవలెనను నియమము ఇందు ఏనాడును లేదు. పన్ను పేరును చూచి మురియరాదు, అది చేరు చోటును చూడవలెను.

అయితే గనియూరికి ప్రత్యేకముగా ఏమియు లేదా? 2015నుండి కలదు. ఆ సంవత్సరము గనుల చట్టమును సవరించి, గనులున్న ప్రతి జిల్లాలోను జిల్లా ఖనిజనిధి యను సంస్థను ఏర్పరుపవలెనని విధించిరి. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులవారు రాయల్టీలో నూటికి 30 పాళ్లు, ఆ తరువాత వేలమున పొందినవారు 10 పాళ్లు ఈ నిధికి అదనముగా చెల్లింపవలెను. మన నూరురూపాయల బొగ్గులో రాయల్టీ 14 రూపాయలు గదా. అందులో ముప్పదిపాళ్లన నాలుగురూపాయల ఇరువది పైసలు. పూర్వము కల్లములో రాశి ఇంటికి చేరకమునుపే కమ్మరికి, వడ్రంగికి, నీరడికి మేర కొలిచి ఇచ్చెడివారు. ఈ నాలుగురూపాయల ఇరువది పైసలు గనియూరి మేర యన్నమాట. అది దానము కాదు, హక్కు. గనులవలన బాధపడిన మనుష్యుల కొఱకును ప్రాంతముల కొఱకును అని చట్టముననే వ్రాసియున్నది.

మేర ఏర్పడినది. ఇక దానిని చక్కగా పంచుటయే నేర్పు. అట్టి నిధిని రూపొందించువారు ఐదు ప్రశ్నలకు జవాబు చెప్పవలెను. వానిని ఒక్కొక్కటిగా చూతము.

మొదటిది: ఎవరికి? అనగా సరిహద్దు ఎచ్చట గీయవలెను? జిల్లా యంతయు అన్నచో జిల్లాకేంద్రమునకు తారురోడ్డు వచ్చును, గనియూరు చూచుచుండును. గని అంచునగల ఊరు మాత్రమే యన్నచో వాగు క్రిందుగా బురదనీరు వచ్చు ఊరు విడిచిపోవును. 2024నాటి మార్గదర్శకములు గనినుండి 15 కిలోమీటర్లవరకు ప్రత్యక్షముగా బాధింపబడిన ప్రాంతమనియు, 25 కిలోమీటర్లవరకు పరోక్షముగా బాధింపబడిన ప్రాంతమనియు హద్దు పెట్టినవి. హద్దు ఉండుట మేలు. హద్దు లేని నిధి బలవంతుని వైపు ప్రవహించును.

రెండవది: ఎంత? ఇందు మూడు విధములు చూచియున్నాము. 2014నాటి రాష్ట్రవిభజన చట్టముననుసరించి తెలంగాణములో హైదరాబాదు తప్ప తక్కిన తొమ్మిది పాత జిల్లాలకు ఏటికి 450 కోట్ల రూపాయల ప్రత్యేక సాయము నిర్ణయించిరి; అనగా జిల్లాకు ఏబదికోట్లు. ఆంధ్రప్రదేశములో రాయలసీమ, ఉత్తరాంధ్ర జిల్లాలు ఏడింటికిని ఇదే కొలత. అడవులతోను గూడెములతోను నిండిన ఆదిలాబాదుకును, రాజధానిని చుట్టియున్న రంగారెడ్డికిని ఒకే మానిక! కొలుచుట సులభమే, కాని ఆకలిగొన్నవానికిని తిన్నవానికిని సమముగా వడ్డించుట సమానత్వము కాదు.

దీనికి ముందు 2007లో వెనుకబడిన ప్రాంతముల నిధి యని యొకటి వచ్చెను. దేశమున 250 జిల్లాలు. అవిభక్త ఆంధ్రప్రదేశమున 13. అందు ఆదిలాబాదు, కరీంనగరము, ఖమ్మము, వరంగల్లు, అనగా నాటి బొగ్గుజిల్లాలన్నియు ఉండెను. దాని పంపకము ఇట్లుండెను: ప్రతి జిల్లాకు మొదట ఏటికి పదికోట్లు ఖాయము, మిగిలినదానిలో సగము జనసంఖ్యనుబట్టి, సగము విస్తీర్ణమునుబట్టి. విస్తీర్ణమును చేర్చుట తెలివైన పని, ఏలనన జనము పలుచగానున్న అడవిసీమలో ఒక్క బడికి పోవుటకే ఎక్కువ దారి వేయవలెను. కాని ఎంత వెనుకబడినదను కొలత అందులో లేకపోయెను. ఆ నిధికి కేంద్రసాయము 2015తో నిలిచిపోయెను.

మూడవ విధము ఆర్థికసంఘములది. పదునైదవ ఆర్థికసంఘము 2021–26 కాలమునకు రాష్ట్రముల నడుమ పన్నులు పంచునప్పుడు, తక్కువ ఆదాయముగల రాష్ట్రమునకు ఎక్కువ చేరునట్లు నూటికి 45 పాళ్ల తూనిక ఆదాయపు అంతరమునకిచ్చెను. ఇది నీరడి పద్ధతి. కాని ఆ నీరు రాష్ట్రపు తూమువరకే వచ్చును. తూము దాటినపిదప జిల్లా నడుమ, మండలము నడుమ వంతులు వేయవలసినది రాష్ట్రమే. తెలంగాణపు సగటు ఆదాయము హైదరాబాదువలన ఎత్తుగా కనబడును. ఆ ఎత్తు చూపి రాష్ట్రమునకు వచ్చు పాలు తగ్గును. ఆసిఫాబాదులోని గూడెము తాను ఎన్నడు చూడని నగరపు ఐశ్వర్యమునకు దండుగ చెల్లించినట్లగును. కావున రాష్ట్రములోపల కూడ ఊరి యవసరమును కొలిచి పంచు పద్ధతి యుండవలెను.

మూడవ ప్రశ్న: దేనికి? ఖనిజనిధిలో కనీసము నూటికి 60 పాళ్లు త్రాగునీరు, ఆరోగ్యము, విద్య, పారిశుద్ధ్యము, స్త్రీలు, శిశువులు, వృద్ధులు, పనినేర్పు మొదలగువానికి వినియోగింపవలెనని 2015లో చెప్పిరి. 2024లో దానిని 70 పాళ్లకు పెంచిరి. ఇందు కారణము కలదు. కట్టడము కంటికి కనబడును, శిలాఫలకము నిలుచును. కాబట్టి ధనము కట్టడములవైపు జారును. ఒక ఊరిలో (పేరు చెప్పను) ఎత్తైన నీళ్లట్యాంకును చూపి గర్వపడుచుండగా, గొట్టములెక్కడ అని అడిగితిని. అవి మరియొక పద్దులో రావలెనట. ట్యాంకు నీడలో స్త్రీలు బిందెలతో నిలిచియుండిరి.

నాలుగవది: ఇది అదనమా, బదులా? ఇది మిక్కిలి ముఖ్యమైన ప్రశ్న. కుడిచేత ప్రత్యేకనిధినిచ్చి, ఎడమచేత మామూలు పద్దును తగ్గించినచో ఊరికి ఒరిగినదేమి? దీనిని కనిపెట్టుటకు ప్రాంతపు లెక్కలు వేరుగా నుండవలెను. మన చరిత్రలోనే దీనికి సాక్ష్యము కలదు. 1956లో ఆంధ్ర, తెలంగాణ నాయకులు చేసికొన్న పెద్దమనుష్యుల ఒడంబడికలో తెలంగాణపు మిగులుధనము ఆ ప్రాంతమునకే ఖర్చు కావలెనని యుండెను. ఎంత మిగిలినది, ఎంత ఖర్చైనదని ఏటేట తేల్చి చెప్పకపోయిరి. 1969లో అలజడి రేగిన పిమ్మట కుమార్ లలిత్ సంఘము లెక్కచూచి, 1956నుండి 1968వరకు 34 కోట్ల 10 లక్షల రూపాయలు మిగులని తేల్చెను. అదే సంవత్సరము భార్గవ సంఘము కట్టిన లెక్క మరియొక విధముగా వచ్చెను. లెక్క ఏటేట చెప్పియుండినచో వివాదము అంత దూరము పోయియుండునా? మాట ఎంత మంచిదైనను, కొలిచి చూపని మాట తగవునకు విత్తనము.

ఐదవది: ఎంతకాలము? బొగ్గు పైరు వంటిది కాదు, మరల మొలవదు. తీసిన టన్ను తీసినట్లే. కావున బొగ్గుధనమును పంటధనమువలె తినివేయరాదు. అది అమ్మిన భూమి వెల. భూమి అమ్మిన ఇంటిపెద్ద ఆ వెలతో పెండ్లివిందు చేసినచో ఊరు నవ్వును. మరియొక భూమియో, పిల్లలకు చదువో సంపాదించినచో మెచ్చును. అమెరికాలోని అలాస్కా రాష్ట్రము 1976లో తన రాజ్యాంగమును సవరించి, చమురు మొదలగు ఖనిజముల రాయల్టీలో కనీసము నాలుగవవంతును మూలధనముగా నిలువ చేయవలెనని కట్టడి చేసికొనెను. మన 2024నాటి మార్గదర్శకములును ఖనిజనిధిలో కొంత నిలవనిధిగా నుంచుటకు వీలు కల్పించినవి. వీలు కలిగినది, వినియోగించుకొనుట మిగిలినది.

ఇతర దేశముల బొగ్గుసీమలును ఈ త్రోవను నడచినవే. 1934లో బ్రిటన్ దేశము దక్షిణవేల్సు, డర్హాము, పశ్చిమకంబర్లండు, స్కాట్లండు బొగ్గుసీమలలో నిరుద్యోగము మిక్కుటమైనప్పుడు ప్రత్యేక ప్రాంతముల చట్టమును చేసి ఇరువదిలక్షల పౌన్లు కేటాయించెను. కాని పని పోయినపిమ్మట వచ్చిన సాయమది. రోగము ముదిరినపిదప వచ్చిన వైద్యుని వంటిది. జర్మనీ దేశము వేరువిధముగా చేసెను. 2038లోపల బొగ్గు వాడుక మానవలెనని 2020లో చట్టము చేయునప్పుడే, బొగ్గుసీమలలో క్రొత్త జీవనోపాధులకై నాలుగువేలకోట్ల యూరోలవరకు ఇచ్చుటకు వేరొక చట్టమును ముడిపెట్టెను. గని మూయు తేదీయు, సాయము వచ్చు తేదీయు ఒకేసారి వ్రాసికొనిరి.

ఎరువుల కర్మాగారము మూతపడి ఇరువదిరెండేండ్లు గడచిన సంగతిని మనస్సునందుంచుకొనుడంటిని గదా. ఒక్క జీవనాధారముపై నిలిచిన ఊరికి ఆ ఆధారము తొలగినప్పుడు ఎంత నిరీక్షణ కలుగునో రామగుండము ఎరుగును. గోదావరిఖని చుట్టుపట్ల గనులును ఒకనాడు నిండుకొనును. ఆనాడు నిధిని వెదకుటకు బయలుదేరిన లాభము లేదు. బొగ్గు ఉన్నప్పుడే మేర వచ్చును. బొగ్గు నిలిచిన నాడు మేరయు నిలుచును. ఈ నాలుగురూపాయల ఇరువది పైసలతో నేడు నేర్పిన పని, నేడు నిలిపిన బడి, నేడు నింపిన చెరువే అప్పుడు మిగులునవి.

అయ్యలారా, మీరు చేయవలసినది కొంచెము కలదు. 2018నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టప్రకారము గ్రామసభ రెండుమాసములకొకసారియైనను కూడవలెను. ఆ సభలో మీరు మూడు ప్రశ్నలు అడుగుడు. మన ఊరు గనిహద్దులో ఎన్నవ కిలోమీటరులో నున్నది? ఈ యేడు ఖనిజనిధినుండి మన ఊరికి ఎంత వ్రాసిరి, ఎంత చేరినది? చేరినదానివలన ఏ మామూలు పద్దు తగ్గినది? ఈ మూడింటికి జవాబులు వ్రాతలో తీసికొని పంచాయతీ గోడపై అతికింపజేయుడు. కోపముతో అడుగనక్కరలేదు. నీరడిని వంతెప్పుడని అడిగినట్లు అడుగుడు. రెండేండ్లు ఎడతెగక అడిగిన ఊరిని ఎవ్వరును మరువలేరు.

రచ్చకట్టపై నన్నడిగిన ఆ పెద్దమనిషి ఈ ప్రసంగమును వినుచున్నచో, ఆయనకు నా మనవి ఇది. తాతా, పైకము పోయిన త్రోవను చెప్పితిని. చాలభాగము రైలువెంటనే పోయినది. నాలుగురూపాయల ఇరువది పైసలు మాత్రము మీ జిల్లాలో దిగవలెనని చట్టము చెప్పుచున్నది. అది దిగినదో లేదో చూచుకొనవలసిన నీరడులు మీరే.

సెలవు.